ఒకే ప్రోగ్రాంలో రెండు కాలింగ్ కన్వెన్షన్లు: కంపైలర్‌లో మార్పిడిని ఎలా కట్టాలి

ఎక్స్86-64 ప్రాసెసర్ మీద ఒక ఫంక్షన్ తనకు అందిన మొదటి పూర్ణాంకం కోసం ఎక్కడ చూడాలి? లినక్స్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ పాటించే సిస్టమ్ ఫైవ్ ఏబీఐ (కంపైల్ అయిన కోడ్ ముక్కలు ఒకదాన్నొకటి పిలవడానికి పాటించే నియమాలు) ప్రకారమైతే ఆర్‌డీఐ రిజిస్టర్‌లో. విండోస్ ప్రకారమైతే ఆర్‌సీఎక్స్‌లో. ప్రాసెసర్‌కు ఈ రెండిట్లో ఏదైనా ఒకటే. కాల్ ఇన్‌స్ట్రక్షన్ చేసేది తిరిగి రావాల్సిన చిరునామాను స్టాక్ మీద పెట్టి దూకడం మాత్రమే. మిగతాదంతా కంపైలర్లు తమలో తాము చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందాన్నే కాలింగ్ కన్వెన్షన్ అంటున్నాం.

ఒక్క ఒప్పందమే తెలిసిన కంపైలర్‌తో చాలాకాలం హాయిగా గడిచిపోతుంది. కానీ లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాంలు నడిపే వైన్ లాంటిది కట్టాలన్నా, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సేవలను పిలిచే బూట్‌లోడర్ రాయాలన్నా, జిట్ (ప్రోగ్రాం నడుస్తుండగానే పనిచేసే కంపైలర్) పుట్టించిన కోడ్ నుంచి సీ లైబ్రరీని పిలవాలన్నా, ఒకే ఎగ్జిక్యూటబుల్‌లో రెండు ఒప్పందాలు కలిసి బతకాలి. యూఈఎఫ్ఐ ఎక్స్86-64 మీద విండోస్ తరహా కన్వెన్షన్‌నే వాడుతుంది. అందుకే లినక్స్ కెర్నల్‌లోని ఈఎఫ్ఐ స్టబ్ కూడా ఆ ఫంక్షన్ పాయింటర్ల మీద ప్రత్యేకంగా గుర్తు వేసుకోవాల్సి వస్తుంది.

మీ సొంత కంపైలర్‌లో ఈ సౌకర్యాన్ని మొదటి నుంచి చివరి వరకు ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలకు సిస్టమ్ ఫైవ్, విండోస్ జతనే తీసుకుంటాను. ఈ జత అర్థమైతే మిగతా జతలు కష్టం కాదు. చాలామంది ఆర్గ్యుమెంట్లను ఒక రిజిస్టర్ నుంచి ఇంకో రిజిస్టర్‌కు మార్చడమే పనంతా అనుకుంటారు. అది పనిలో తేలిక భాగం. ప్రోగ్రాంలు కూలేది ఎక్కువగా ఇంకోచోట: పిలుపు నుంచి తిరిగి వచ్చాక ఏ రిజిస్టర్లో విలువ చెక్కుచెదరకుండా ఉంటుందన్న మాట దగ్గర.

1. ముందు తేడాల పట్టిక రాసుకోండి

కోడ్ మొదలుపెట్టకముందే రెండు ఒప్పందాలను పక్కపక్కన పెట్టి చూడండి.

సిస్టమ్ ఫైవ్‌లో పూర్ణాంకాలు, పాయింటర్లు వరుసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9లో వెళ్తాయి. ఫ్లోటింగ్ పాయింట్ విలువలకు ఎక్స్‌ఎంఎం0 నుంచి ఎక్స్‌ఎంఎం7 దాకా ఎనిమిది రిజిస్టర్లు. రెండు వరుసల లెక్క వేర్వేరుగా నడుస్తుంది. విండోస్‌లో పూర్ణాంకాలకు ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9. ఫ్లోట్లకు ఎక్స్‌ఎంఎం0 నుంచి ఎక్స్‌ఎంఎం3. ఇక్కడ లెక్క స్థానాన్ని బట్టి ఉంటుంది. అంటే రెండో ఆర్గ్యుమెంట్ ఫ్లోట్ అయితే అది ఎక్స్‌ఎంఎం1లోకే వెళ్తుంది, ఎక్స్‌ఎంఎం0 ఖాళీగా ఉన్నా సరే.

ఇంట్, డబుల్, ఇంట్ అనే మూడు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్ తీసుకుంటే తేడా కళ్ళకు కడుతుంది. సిస్టమ్ ఫైవ్‌లో అవి ఆర్‌డీఐ, ఎక్స్‌ఎంఎం0, ఆర్‌ఎస్ఐ. విండోస్‌లో ఆర్‌సీఎక్స్, ఎక్స్‌ఎంఎం1, ఆర్8. మూడిట్లో ఒక్కటి కూడా కలవలేదు.

స్టాక్ విషయం. రెండిట్లోనూ కాల్ చేసే క్షణానికి స్టాక్ పాయింటర్ 16కు గుణిజంగా ఉండాలి. విండోస్‌లో పిలిచే వైపు దీనికి తోడు 32 బైట్ల ఖాళీ జాగా వదలాలి. దాన్ని షాడో స్పేస్ అంటారు. పిలుపు అందుకునే ఫంక్షన్ ఆ జాగాను తన సొంతంలా వాడుకోవచ్చు. ఆర్గ్యుమెంట్లు ఏమీ లేకపోయినా ఈ జాగా ఉండి తీరాలి. సిస్టమ్ ఫైవ్‌లో షాడో స్పేస్ లేదు గానీ స్టాక్ పాయింటర్‌కు కింద 128 బైట్ల రెడ్ జోన్ ఉంది. వేరే ఎవరినీ పిలవని ఫంక్షన్ స్టాక్ పాయింటర్‌ను కదపకుండానే దాన్ని వాడుకుంటుంది. విండోస్‌లో రెడ్ జోన్ లేదు. కాబట్టి సిస్టమ్ ఫైవ్ కోడ్ విండోస్ ప్రాసెస్‌లో నడవబోతుంటే రెడ్ జోన్ ఆపెయ్యాలి. లేకపోతే ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ బైట్ల మీద రాసేస్తుంది.

ఇక కాపాడాల్సిన రిజిస్టర్లు. ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 దాకా రెండు ఒప్పందాల్లోనూ పిలుపు అందుకునే ఫంక్షనే కాపాడాలి. విండోస్ వీటికి ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఎక్స్‌ఎంఎం6 నుంచి ఎక్స్‌ఎంఎం15 కూడా కలుపుతుంది. సిస్టమ్ ఫైవ్‌లో ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లలో ఒక్కటీ కాపాడనక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టుకోండి. ఐదో అడుగు మొత్తం దీని గురించే.

మీ పట్టికలో "స్టాక్‌ను ఎవరు శుభ్రం చేస్తారు" అని ఒక గడి కూడా ఉంచండి. ఈ జతకు అది అక్కర్లేదు గానీ 32 బిట్ విండోస్ వైపు వెళ్తే తప్పదు. సీడెకల్‌లో పిలిచినవాళ్ళు శుభ్రం చేస్తారు. ఎస్‌టీడీకాల్‌లో పిలుపు అందుకున్న ఫంక్షన్ తిరిగి వస్తూ తానే శుభ్రం చేస్తుంది. అక్కడ పొరబడితే ప్రతి పిలుపుకూ స్టాక్ పాయింటర్ కొన్ని బైట్లు జరుగుతూ పోతుంది.

2. కన్వెన్షన్‌ను టైప్‌లో పెట్టండి, పేరు మీద కాదు

ఇది డిజైన్ నిర్ణయం. ఇక్కడ తప్పు చేస్తే తర్వాత ఎంత మంచి బ్యాకెండ్ (మెషిన్ కోడ్ పుట్టించే భాగం) రాసినా దిద్దలేరు.

తేలిగ్గా తోచే దారి ఒకటుంది: ఫంక్షన్ డిక్లరేషన్ మీద ఒక జెండా పెట్టి, పిలిచేటప్పుడు పేరు వెతికి, జెండా చూడటం. నేరుగా పేరుతో పిలిచినంతవరకు అది పనిచేస్తుంది. ఫంక్షన్ చిరునామాను ఒక వేరియబుల్‌లో దాచి, ఆ వేరియబుల్ ద్వారా పిలిచిన మరుక్షణం జెండా మాయమవుతుంది. యూఈఎఫ్ఐ సేవలన్నీ పాయింటర్ల పట్టికల రూపంలోనే అందుతాయి కాబట్టి మొదటి రోజే దెబ్బ తింటారు.

అందుకని కన్వెన్షన్ ఫంక్షన్ టైప్‌లో భాగం కావాలి. ఆర్గ్యుమెంట్ల టైప్‌లు, రిటర్న్ టైప్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే. జీసీసీ, క్లాంగ్‌లలో ఎంఎస్_ఏబీఐ, సిస్‌వీ_ఏబీఐ అనే యాట్రిబ్యూట్లు ఈ పని చేస్తాయి. రస్ట్‌లో ఎక్స్‌టర్న్ అనే మాట పక్కన సిస్‌వీ64, విన్64, ఈఎఫ్ఐఏపీఐ లాంటి పేర్లు రాస్తారు. అవి వేర్వేరయితే ఫంక్షన్ పాయింటర్ టైప్‌లు కూడా వేర్వేరు. ఒకదాన్ని ఇంకోదాని స్థానంలో పెట్టబోతే కంపైలర్ ఒప్పుకోదు. మీ భాషలో కూడా ఈ కటువుదనం ఉండాలని నా గట్టి అభిప్రాయం. టైప్‌లు కలవని చోట హెచ్చరిక సరిపోదు, ఎర్రర్ ఇవ్వండి. కావాలనుకున్నవాళ్ళు స్పష్టంగా క్యాస్ట్ రాసుకుంటారు.

టైప్ చెకర్‌లో చేయాల్సిన మార్పులు చిన్నవే. ఫంక్షన్ టైప్ రికార్డులో ఒక ఫీల్డ్ కలపండి. రెండు టైప్‌లు సమానమా అని చూసే చోట, టైప్ హ్యాష్ లెక్కించే చోట, ఎర్రర్ మెసేజ్‌లో టైప్‌ను ముద్రించే చోట దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మూడోది మర్చిపోతే "ఈ టైప్ కావాలి, ఈ టైప్ ఇచ్చారు" అంటూ రెండు వైపులా ఒకే మాట కనబడే మెసేజ్ వస్తుంది. అది చదివేవాళ్ళకు పిచ్చెక్కిస్తుంది.

3. ఐఆర్‌లో ప్రతి పిలుపు మీదా గుర్తు ఉండాలి

టైప్‌లో ఉన్న సమాచారం ఇంటర్మీడియట్ రూపంలోకి (ఐఆర్, అంటే సోర్స్‌కూ మెషిన్ కోడ్‌కూ మధ్య కంపైలర్ వాడుకునే రూపం) దిగేటప్పుడు రెండు చోట్లకు చేరాలి: ఫంక్షన్ నిర్వచనం మీదకు, ప్రతి కాల్ ఇన్‌స్ట్రక్షన్ మీదకు. చాలా కంపైలర్లు బ్యాకెండ్‌గా వాడుకునే ఎల్ఎల్‌వీఎం చేసేది ఇదే. అక్కడ ప్రతి కన్వెన్షన్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. మామూలు సీ కన్వెన్షన్‌కు 0, ఫాస్ట్‌సీసీకి 8, కోల్డ్‌సీసీకి 9, హాస్కెల్ కంపైలర్ కోసం పెట్టినదానికి 10. 64 నుంచి మొదలయ్యేవి ఒక్కో ప్రాసెసర్‌కు ప్రత్యేకమైనవి. ఎక్స్86-64 సిస్టమ్ ఫైవ్‌కు 78, విన్64కు 79.

ఎల్ఎల్‌వీఎంను బ్యాకెండ్‌గా వాడేవాళ్ళు దాదాపు అందరూ ఒకసారైనా పడే గొయ్యి ఇక్కడుంది. ఫంక్షన్ నిర్వచనం మీద ఫాస్ట్‌సీసీ అని పెట్టి, పిలిచేచోట పెట్టడం మర్చిపోతారు. ఆప్టిమైజేషన్ లేకుండా నడిపితే పని జరిగినట్టే ఉంటుంది. ఆప్టిమైజేషన్ పెట్టగానే ఆ పిలుపు, దాని వెనకున్న కోడ్ మొత్తం మాయమవుతుంది. కన్వెన్షన్ కలవని పిలుపును ఎల్ఎల్‌వీఎం నిర్వచనం లేని ప్రవర్తనగా చూస్తుంది. అందుకే ఇన్‌స్ట్‌కంబైన్ పాస్ దాన్ని "ఇక్కడికి ఎప్పటికీ రారు" అన్న గుర్తుగా మార్చేస్తుంది, తర్వాతి పాస్ ఆ దారినే కత్తిరిస్తుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను రెండు రోజులు ఆప్టిమైజర్‌లోనే బగ్ ఉందనుకుని వెతికాను.

దీనికి విరుగుడు: మీ సొంత ఐఆర్ వెరిఫయర్‌లో ఒక నియమం పెట్టండి. పిలుపు ఒక తెలిసిన ఫంక్షన్‌కు నేరుగా వెళ్తుంటే రెండు గుర్తులూ ఒకటే అయి ఉండాలి. లేకపోతే అక్కడే ఆగిపోవాలి. పది లైన్ల కోడ్ అంతే.

4. ఏ విలువ ఎక్కడికి వెళ్ళాలో తేల్చే భాగం

దీన్ని ఒకే ఫంక్షన్‌గా రాయండి. ఇన్‌పుట్ ఫంక్షన్ టైప్, అవుట్‌పుట్ ప్రతి ఆర్గ్యుమెంట్‌కూ ఒక స్థానాల జాబితా. ప్రోలాగ్ (ఫంక్షన్ మొదట్లో నడిచే సన్నాహక కోడ్) రాసే కోడ్, పిలుపు రాసే కోడ్, తర్వాత చెప్పబోయే థంక్ (రెండు ఒప్పందాల మధ్య వంతెనలా నిలిచే చిన్న కోడ్ ముక్క) పుట్టించే కోడ్, మూడూ దీన్నే అడగాలి. లెక్కను రెండు చోట్ల రాస్తే ఏదో ఒకరోజు అవి విడిపోతాయి. ఎల్ఎల్‌వీఎంలో ఈ నియమాలను టేబుల్‌జెన్ ఫైళ్ళలో పట్టికలుగా రాస్తారు, లోవరింగ్ కోడ్ (ఐఆర్‌ను మెషిన్ కోడ్ వైపు దించే భాగం) ఆ పట్టికల్నే చదువుతుంది. మీ కంపైలర్ చిన్నదైతే మామూలు రికార్డులు చాలు: పూర్ణాంక రిజిస్టర్ల వరుస, ఫ్లోట్ రిజిస్టర్ల వరుస, లెక్క కలిసి నడుస్తుందా విడిగానా, షాడో స్పేస్ ఎంత, ఏవేవి కాపాడాలి.

సాదా విలువలకు ఇది సాయంత్రం పని. స్ట్రక్ట్‌ల దగ్గర మాత్రం ఓపిక కావాలి. విండోస్ నియమం సూటిగా ఉంటుంది: పరిమాణం 1, 2, 4, 8 బైట్లలో ఒకటైతే స్ట్రక్ట్ పూర్ణాంకంలా రిజిస్టర్‌లో వెళ్తుంది. లేదంటే పిలిచేవాళ్ళు ఒక కాపీ చేసి దాని చిరునామా పంపిస్తారు. సిస్టమ్ ఫైవ్‌లో 16 బైట్ల దాకా ఉన్న స్ట్రక్ట్‌ను ఎనిమిదేసి బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏముందో చూసి, పూర్ణాంక రిజిస్టరా ఫ్లోట్ రిజిస్టరా అని తేలుస్తారు. మూడు ఫ్లోట్లున్న 12 బైట్ల స్ట్రక్ట్ అయితే మొదటి రెండూ కలిసి ఎక్స్‌ఎంఎం0లో, మూడోది ఎక్స్‌ఎంఎం1లో. అదే స్ట్రక్ట్ విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో ఒక చిరునామా.

ఒక మెలిక మర్చిపోవద్దు. రెండు పూర్ణాంక ముక్కల స్ట్రక్ట్ వచ్చే సమయానికి ఒక్క రిజిస్టరే మిగిలి ఉంటే, సగం రిజిస్టర్‌లో సగం స్టాక్‌లో పెట్టకూడదు. మొత్తం స్టాక్‌కు పంపాలి. మిగిలిన ఆ ఒక్క రిజిస్టర్ తర్వాత వచ్చే ఆర్గ్యుమెంట్‌కు అందుబాటులోనే ఉంటుంది. అంటే కేటాయింపు విఫలమైతే వెనక్కి తీసుకునే వీలుండేలా కోడ్ రాయాలి.

తిరిగి వచ్చే విలువలదీ ఇదే కథ. ఒక 64 బిట్ పూర్ణాంకం, ఒక డబుల్ ఉన్న స్ట్రక్ట్ సిస్టమ్ ఫైవ్‌లో ఆర్‌ఏఎక్స్, ఎక్స్‌ఎంఎం0 రెండిట్లో తిరిగొస్తుంది. విండోస్‌లో పిలిచేవాళ్ళు జాగా కేటాయించి దాని చిరునామాను దాపుడు ఆర్గ్యుమెంట్‌గా ఆర్‌సీఎక్స్‌లో పంపాలి. అప్పుడు అసలు ఆర్గ్యుమెంట్లన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి.

5. పిలిచేచోట: ఏది పోతుంది, ఏది మిగులుతుంది

చాలా కంపైలర్లలో "పిలుపు వల్ల పాడయ్యే రిజిస్టర్ల" జాబితా ఒకే ఒక్క గ్లోబల్ స్థిరాంకంగా ఉంటుంది. రెండు కన్వెన్షన్లు రాగానే దాన్ని పీకెయ్యాలి. ప్రతి కాల్ ఇన్‌స్ట్రక్షన్ తనతోపాటు తన మాస్క్‌ను (ఏ రిజిస్టర్లు పోతాయో, ఏవి మిగులుతాయో చెప్పే జాబితా) మోసుకెళ్ళాలి, రిజిస్టర్ కేటాయింపు ఆ మాస్క్‌నే చూడాలి.

ఒక ఫంక్షన్‌కు రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలని గుర్తుంచుకోండి. నన్ను పిలిచినవాళ్ళకు నేను ఏం కాపాడతానని మాటిచ్చాను? నేను పిలిచేవాళ్ళు నాకు ఏం కాపాడతామని మాటిచ్చారు? ఒకే కన్వెన్షన్ ఉన్నప్పుడు రెంటికీ జవాబు ఒకటే, అందుకే మనకు తేడా తెలియదు. రెండు ఉన్నప్పుడు ఆ మధ్య ఖాళీలోనే బగ్‌లు దూరతాయి.

విండోస్ తరహా ఫంక్షన్ ఒకటి సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్‌ను పిలుస్తోందనుకోండి. పైవాళ్ళకు ఎక్స్‌ఎంఎం6 నుంచి 15 దాకా కాపాడతానని మాటిచ్చింది. కిందివాళ్ళు వాటిని ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు. కాబట్టి తను స్వయంగా ఆ పది రిజిస్టర్లనూ ముట్టకపోయినా, వాటిని ప్రోలాగ్‌లో దాచి ఎపిలాగ్‌లో (తిరిగి వెళ్ళే ముందు నడిచే కోడ్‌లో) తిరిగి నింపాలి. 10 రిజిస్టర్లు, ఒక్కోటి 16 బైట్లు, మొత్తం 160 బైట్లు. ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ వీటికి అదనం. మాస్క్‌ను కాల్ మీద సరిగ్గా పెడితే ఇది దానంతటదే జరుగుతుంది: ఆ కాల్ ఈ రిజిస్టర్లను పాడుచేస్తుందని తెలిశాక, "నేను పాడుచేసే వాటిలో నేను కాపాడాల్సినవేవి" అన్న లెక్కలోకి అవి వచ్చేస్తాయి.

వ్యతిరేక దిశలో ఈ ఖర్చు లేదు. సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్ విండోస్ ఫంక్షన్‌ను పిలిస్తే అడిగినదానికన్నా ఎక్కువే కాపాడబడి వస్తుంది. రిజిస్టర్ కేటాయింపు ఆ లాభాన్ని వాడుకోవచ్చు కూడా.

వైన్‌లో ఇలాంటి సరిహద్దు ఫంక్షన్లు ఎన్నో ఉండటంతో ప్రోలాగ్‌లు బాగా పెద్దవయ్యేవి. 2018లో వచ్చిన జీసీసీ 8లో దీనికోసమే ఎంకాల్-ఎంఎస్2సిస్‌వీ-ఎక్స్‌లాగ్స్ అనే ఆప్షన్ పెట్టారు. దాచడం, నింపడం చేసే కోడ్‌ను ప్రతి ఫంక్షన్‌లోనూ రాయకుండా జీసీసీ సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని చిన్న స్టబ్‌ల ద్వారా చేయిస్తుంది. కోడ్ సైజు తగ్గుతుంది, బదులుగా కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కువ నడుస్తాయి. మీకు మొదట్లో ఇది అవసరం పడదు. సరిహద్దు ఫంక్షన్లు వందల్లోకి వెళ్ళాక ఆలోచించండి.

6. థంక్‌లు: టైప్ మార్చలేని చోట వంతెన

పిలిచేచోట కన్వెన్షన్ తెలిస్తే కంపైలర్ నేరుగా ఆ ఒప్పందం ప్రకారమే పిలవగలదు, మార్పిడి కోడ్ ఏదీ అక్కర్లేదు. థంక్ కావాల్సింది పిలిచేవాళ్ళను మనం మార్చలేనప్పుడు: మన సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్‌ను విండోస్ కోడ్‌కు కాల్‌బ్యాక్‌గా ఇవ్వాలి, లేదా రన్‌టైమ్‌లో వచ్చిన పాయింటర్‌ను వేరే టైప్‌గా చూపించాలి.

సిస్టమ్ ఫైవ్ తరహాలో పిలిపించుకుని విండోస్ ఫంక్షన్‌ను పిలిచే థంక్, నాలుగు పూర్ణాంకాలతో:

స్టాక్ పాయింటర్ నుంచి 40 తీసివేయి
ఆర్9 ← ఆర్‌సీఎక్స్
ఆర్8 ← ఆర్‌డీఎక్స్
ఆర్‌డీఎక్స్ ← ఆర్‌ఎస్ఐ
ఆర్‌సీఎక్స్ ← ఆర్‌డీఐ
అసలు ఫంక్షన్‌ను పిలువు
స్టాక్ పాయింటర్‌కు 40 కలుపు
తిరిగి వెళ్ళు

40 ఎందుకంటే 32 షాడో స్పేస్, 8 సర్దుబాటు. థంక్‌లోకి అడుగుపెట్టేసరికి తిరుగు చిరునామా వల్ల స్టాక్ 16 గుణిజానికి 8 బైట్లు తప్పి ఉంటుంది. ఆరు ఆర్గ్యుమెంట్లుంటే 56 తీసివేసి, ఆర్8, ఆర్9లో ఉన్న ఐదో ఆరో విలువలను ముందుగా స్టాక్ పాయింటర్ నుంచి 32, 40 బైట్ల దూరంలో పెట్టాలి. ఆ తర్వాతే ఆ రిజిస్టర్ల మీద రాయాలి.

వరుస ఎంత ముఖ్యమో గమనించండి. ఆర్‌సీఎక్స్‌లోకి ఆర్‌డీఐని ముందే రాసేస్తే నాలుగో ఆర్గ్యుమెంట్ పోయినట్టే. దీన్ని చేత్తో సర్దకండి. సాధారణ పరిష్కారం పారలల్ మూవ్ అల్గారిథం: ఎవరూ చదవాల్సిన అవసరం లేని గమ్యాన్ని ముందు నింపుతూ వెళ్ళడం, చక్రం ఏర్పడితే ఒక తాత్కాలిక రిజిస్టర్‌తో దాన్ని తెంచడం. ఆర్10, ఆర్11 రెండు ఒప్పందాల్లోనూ ఆర్గ్యుమెంట్లు మొయ్యవు, కాపాడనక్కర్లేదు కూడా. తాత్కాలికంగా వాడటానికి ఆర్11 నా మొదటి ఎంపిక, ఎందుకంటే సిస్టమ్ ఫైవ్ ఆర్10ను నెస్టెడ్ ఫంక్షన్ల స్టాటిక్ చెయిన్ (బయటి ఫంక్షన్ ఫ్రేమ్‌ను చూపే పాయింటర్) కోసం ఉంచింది.

వ్యతిరేక దిశ థంక్ బరువైనది. విండోస్ తరహాలో పిలుపు అందుకుని సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్‌ను పిలవాలంటే ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐని పుష్ చేయాలి, తర్వాత 168 బైట్లు తీసివేసి పది ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లనూ దాచాలి. 160 వాటికి, 8 సర్దుబాటుకు. ఆ తర్వాత ఆర్‌డీఐ ← ఆర్‌సీఎక్స్, ఆర్‌ఎస్ఐ ← ఆర్‌డీఎక్స్, ఆర్‌డీఎక్స్ ← ఆర్8, ఆర్‌సీఎక్స్ ← ఆర్9. ఐదో ఆర్గ్యుమెంట్ థంక్ మొదలైనప్పటి స్టాక్ పాయింటర్ నుంచి 40 బైట్ల దూరంలో ఉంటుంది: 8 తిరుగు చిరునామా, 32 షాడో స్పేస్. మీరు స్టాక్‌ను 184 బైట్లు దించారు కాబట్టి దాన్ని ఇప్పుడు 224 దగ్గర చదవాలి.

ఇంట్ కన్నా చిన్న విలువల విషయంలో ఒక జాగ్రత్త. 8, 16 బిట్ల విలువ రిజిస్టర్‌లో వచ్చినప్పుడు పై బిట్లలో ఏముందో విండోస్ హామీ ఇవ్వదు. క్లాంగ్ సిస్టమ్ ఫైవ్ వైపు కోడ్‌లో మాత్రం పిలిచినవాళ్ళు దాన్ని 32 బిట్లకు పొడిగించి పంపారని నమ్ముతుంది. కాబట్టి మీ థంక్‌లోనే పొడిగించెయ్యండి.

థంక్‌లను ఎవరు పుట్టించాలన్నదానికి గో భాష మంచి నమూనా. 2021లో గో 1.17లో స్టాక్ మీద ఆర్గ్యుమెంట్లు పంపే పాత పద్ధతి నుంచి రిజిస్టర్ల పద్ధతికి మారారు, మొదట 64 బిట్ ఎక్స్86 మీద. ప్రోగ్రాంల వేగం సుమారు 5 శాతం పెరిగిందని, బైనరీల సైజు సుమారు 2 శాతం తగ్గిందని విడుదల నోట్స్‌లో రాశారు. అప్పటికే జనం చేత్తో రాసుకున్న అసెంబ్లీ కోడ్ బోలెడుంది. అది పాత పద్ధతినే నమ్ముకుంది. దాన్ని తిరగరాయమనలేదు. పాతదానికి ఏబీఐ0 అని, కొత్తదానికి ఏబీఐఇంటర్నల్ అని పేరు పెట్టి, అవసరమైన సరిహద్దులో టూల్‌చెయిన్ తానే ర్యాపర్ పుట్టించేలా చేశారు. రాసేవాళ్ళకు ఏమీ తెలియనక్కర్లేదు. ఆర్మ్ ప్రాసెసర్ల మీద విండోస్ 11లో ఆర్మ్64ఈసీ కూడా ఇదే దారి: ఎక్స్64 కోడ్‌కూ ఆర్మ్ కోడ్‌కూ మధ్య ఎంట్రీ థంక్‌లు, ఎగ్జిట్ థంక్‌లు కంపైలరే తయారుచేస్తుంది. థంక్ ఫంక్షన్‌కు కాకుండా సిగ్నేచర్‌కు సంబంధించినదని గుర్తిస్తే, ఒకే సిగ్నేచర్ ఉన్న వంద ఫంక్షన్లకు ఒకే థంక్ కోడ్ సరిపోతుంది.

7. టెయిల్ కాల్, వేరియాడిక్, అన్‌వైండింగ్

కన్వెన్షన్ మారే చోట టెయిల్ కాల్ ఆప్టిమైజేషన్ (ఫంక్షన్ చివరి పిలుపును మామూలు దూకుడుగా మార్చడం) ఆపెయ్యండి. విండోస్ ఫంక్షన్ సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్‌లోకి దూకి వెళ్ళిపోతే ఎక్స్‌ఎంఎం6 మొదలైనవి తిరిగి నింపేవాళ్ళు ఉండరు. సిస్టమ్ ఫైవ్ నుంచి విండోస్ వైపు దూకితే పరవాలేదు అనిపిస్తుంది గానీ అదీ కుదరదు. పిలుపు అందుకున్న విండోస్ ఫంక్షన్ తిరుగు చిరునామాకు పైన 32 బైట్లు తనవే అనుకుని రాస్తుంది. అక్కడ ఉన్నది మనల్ని పిలిచినవాళ్ళ ఫ్రేమ్.

వేరియాడిక్ ఫంక్షన్లకు (ప్రింట్ఎఫ్ లాగా ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునేవాటికి) సాధారణ థంక్ రాయలేరు, ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి. పైగా ఆ ఆర్గ్యుమెంట్లను ఒక్కొక్కటిగా చదివే వీఏ_లిస్ట్ రూపమే వేరు: విండోస్‌లో 8 బైట్ల పాయింటర్, సిస్టమ్ ఫైవ్‌లో 24 బైట్ల స్ట్రక్ట్. నేరుగా పిలిచే వీలు మాత్రం ఉంచాలి. సిస్టమ్ ఫైవ్ వేరియాడిక్ పిలుపులో ఏఎల్‌లో (ఆర్‌ఏఎక్స్ కింది 8 బిట్లలో) వాడిన వెక్టర్ రిజిస్టర్ల సంఖ్యకు తగ్గని విలువ పెట్టాలి. విండోస్ వేరియాడిక్‌లో రిజిస్టర్‌లో వెళ్ళే డబుల్‌ను అదే స్థానపు పూర్ణాంక రిజిస్టర్‌లో కూడా కాపీ చేయాలి. జీసీసీలో రెండు రకాల వీఏ_లిస్ట్‌లకూ వేర్వేరు బిల్టిన్‌లు ఉన్నాయి. మీరూ రెండు టైప్‌లుగానే ఉంచండి.

అన్‌వైండ్ సమాచారం (పిలుపుల వరుసలో వెనక్కి వెళ్ళడానికి కావాల్సిన పట్టికలు) కన్వెన్షన్‌ను బట్టి కాదు, నడిచే వేదికను బట్టి రాయాలి. లినక్స్ మీద విండోస్ తరహా ఫంక్షన్ ఉన్నా దానికి లినక్స్ వాడే డ్వార్ఫ్ పట్టికే కావాలి. థంక్‌లకు కూడా రాయండి. లేకపోతే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ సరిగ్గా సరిహద్దు దగ్గరే తెగిపోతుంది, మీకు అది అత్యవసరంగా కావాల్సిన చోట.

కన్వెన్షన్ మారినంత మాత్రాన టైప్‌ల సైజు మారదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. సీలో లాంగ్ 64 బిట్ లినక్స్ మీద 8 బైట్లు, విండోస్ మీద 4. లినక్స్ మీద ఎంఎస్_ఏబీఐ అని రాసినా లాంగ్ 8 బైట్లుగానే ఉంటుంది. డబ్ల్యూచార్_టీ లినక్స్ మీద 4 బైట్లు, విండోస్ మీద 2. సరిహద్దు డిక్లరేషన్లలో సైజు స్పష్టంగా ఉన్న టైప్‌లే వాడమని మీ వాడుకరులకు గట్టిగా చెప్పండి, వీలైతే లాంగ్ కనబడితే హెచ్చరించండి.

8. పరీక్షించడం

చేత్తో రాసిన పది పరీక్షలు ఇక్కడ చాలవు. తప్పులు ఏడో ఆర్గ్యుమెంట్ దగ్గర, స్ట్రక్ట్ స్టాక్‌కు జారిన చోట, మూడు రకాలు కలిసిన చోట దాగుతాయి. యాదృచ్ఛికంగా సిగ్నేచర్లు పుట్టించే చిన్న ప్రోగ్రాం రాయండి. పిలిచే వైపు మీ కంపైలర్‌తో, అందుకునే వైపు జీసీసీ లేదా క్లాంగ్‌తో కంపైల్ చేసి, ప్రతి ఆర్గ్యుమెంట్‌లోనూ గుర్తుపట్టగలిగే విలువ పంపి, చేరిందో లేదో చూడండి. తర్వాత వైపులు మార్చండి. క్లాంగ్ సోర్స్‌లో ఏబీఐటెస్ట్ అనే సాధనం ఇదే ఆలోచనతో ఉంది. అనుమానం వచ్చిన ఒక్కో సిగ్నేచర్‌ను కంపైలర్ ఎక్స్‌ప్లోరర్‌లో పెట్టి రెండు కంపైలర్ల అసెంబ్లీ పక్కపక్కన చూడటం కూడా నాకు బాగా పనికొచ్చింది.

విలువలు సరిగ్గా చేరడం సగం పరీక్షే. రెండో సగానికి అసెంబ్లీలో రెండు చిన్న ముక్కలు రాయాలి. మొదటిది పిలిచే ముందు కాపాడాల్సిన రిజిస్టర్లన్నిటిలో ఒక్కోదానికీ వేరే గుర్తు నింపి, తిరిగొచ్చాక పోల్చేది. ఎక్స్‌ఎంఎం6 నుంచి 15 దాకా 128 బిట్లూ పోల్చండి, కింది 64 మాత్రమే కాదు. రెండోది కావాలని కీడు చేసే ఫంక్షన్: ఒప్పందం అనుమతించిన ప్రతి రిజిస్టర్‌నూ చెత్తతో నింపుతుంది, విండోస్ తరహా అయితే 32 బైట్ల షాడో స్పేస్ మొత్తం మీద రాస్తుంది, చిన్న టైప్ తిరిగి ఇచ్చేటప్పుడు పై బిట్లలో చెత్త వదులుతుంది, స్టాక్ సరిగ్గా సర్ది ఉందో లేదో తెలిసేలా మూవ్ఏపీఎస్ ఇన్‌స్ట్రక్షన్‌తో స్టాక్ మీద రాస్తుంది. సర్ది లేకపోతే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

నేను ఒక జిట్‌లో పనిచేస్తున్నప్పుడు గంటల తరబడి సరిగ్గా నడిచి, ఎప్పుడో ఒకసారి లెక్కలో దశాంశాలు తప్పుగా వచ్చేవి. ఎక్కడా కూలిపోయేది కాదు, అదే పెద్ద టెన్షన్. కారణం, ఒక కాల్‌బ్యాక్ థంక్ ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐని కాపాడి ఎక్స్‌ఎంఎం6ను వదిలేసింది. కింద పిలిచిన ఫంక్షన్ ఆ రిజిస్టర్‌ను ముట్టే దారి చాలా అరుదు. కీడు చేసే ఆ ఫంక్షన్‌ను రాసుకున్నాక అదే తప్పు మొదటి పరుగులోనే బయటపడింది. ఇప్పుడు కొత్త కన్వెన్షన్ కలిపే ప్రతిసారీ ప్రోలాగ్ కోడ్ కన్నా ముందు ఆ రెండు అసెంబ్లీ ముక్కలే రాస్తాను.